పొందిక : మితవ్యయంతో తల్లుల వస్త్రధారణ

రెండేండ్ల క్రిందట మా కళాశాల వార్షికోత్సవమునకు వారము రోజుల ముందు మేము తృతీయ సంవత్సరపు తరగతిలో ఒక మాట చెప్పినాము. "ఈసారి మీ తల్లిగారలను తప్పక తీసికొని రండి. కాస్త మంచి బట్టలు కట్టుకొని రమ్మనండి, ఫొటోలు తీస్తారు" అన్నాము. అంతకు మించి ఏమియు అనలేదు. ఆ మాటలో దోషమున్నదని ఆనాడు మాకు తోచలేదు.

ఉత్సవము నాడు తెలుగు వ్యాసరచనలో ప్రథమ బహుమతి పొందిన విద్యార్థిని వేదిక మీదికి ఒంటరిగా వచ్చి ఒంటరిగా దిగిపోయినది. తల్లుల కొరకు వేసిన వరుసలో ఆమె తల్లి లేరు. మరునాడు అడిగితే మొదట జ్వరమన్నది. కొంతసేపటికి తల వంచుకొని, "అమ్మీకి జల్సాకు కట్టుకొచ్చే చీర లేదు మేడమ్" అన్నది. "బురఖా ఉన్నది గదా!" అన్నాము మేము, తొందరపడి. "ఆడవాళ్ల వైపు కూర్చున్నాక అందరూ తీసేస్తారు గదా మేడమ్" అని ఆ బాలిక సమాధానము. మాకు మరి మాట రాలేదు.

తరువాత తెలిసినది: ఆ తల్లి ఇంట కుట్టు మిషను పెట్టుకొని వాడకట్టులోని వారందరి బట్టలు కుడతారు. రంజాను నెలలో చివరి పది రోజులు రాత్రి రెండు గంటల దాకా ఆ మిషను ఆగదట. ఊరందరి పండుగ బట్టలు ఆ చేతుల మీదుగా పోవలసినదే. ఆమె పెట్టెలో మాత్రము నలుగురిలోనికి కట్టుకొని రాదగిన చీర ఒకటి లేదు.

ఆనాటి మా మాటకు ప్రాయశ్చిత్తముగా ఈ వ్యాసము వ్రాయ సంకల్పించినాము. విషయము చిన్నదని సహాధ్యాపకులు కొందరు నవ్వవచ్చును. తెలుగు శాఖవారు ప్రబంధములను విడిచి చీరల జోలికి పోవుటయేమని అడుగవచ్చును. ప్రబంధ కవులు నాయికల వలువలను వర్ణించుటకు ఎన్ని పద్యములు వెచ్చించినారో ఒక్కసారి లెక్కించి చూడవలసినదిగా వారిని కోరుతున్నాము.

సొగసు అను మాటకు నేడు ఖరీదు అను అర్థము స్థిరపడిపోయినది. పెండ్లిండ్లలో ఒకరి చీరను మరొకరు చేతితో తాకి "ఎంత పెట్టినారు?" అని అడుగుతారు. ఇంతకంటె సరియైన మాట తెలుగులో ఒకటి కలదు, అది పొందిక. ధరించిన గుడ్డ ఒంటికి, వయస్సునకు, చేయు పనికి, ఋతువునకు, చేతిలోని డబ్బునకు ఇమిడియున్నచో అది పొందికగా ఉన్నదంటాము. ఈ అయిదింటిలో డబ్బు ఒకటి మాత్రమే. ఉర్దూలో ఇట్టి మాటయే మరొకటి ఉన్నది: సలీఖా. ఫలానా ఆమె సలీఖా గలది అన్నప్పుడు ఆమె ధనవంతురాలని ఎవ్వరును అర్థము చేసికొనరు. ఆమె ఇల్లు, వంటపాత్రలు, పిల్లల తల దువ్వు, దుపట్టా మడత అన్నియు ఒక తీరుగా ఉంటాయని మాత్రమే గ్రహిస్తారు. రెండు భాషల పెద్దలును ఒకే సంగతిని గమనించి ఇట్టి మాటలను మనకు ఇచ్చిపోయినారు. వాటిని మరచి మనము ధరల చీటీలను చదువుకొంటున్నాము.

ఈ పొందికను తక్కువ డబ్బుతో సాధించు ఉపాయము మన దక్కనులో చాలకాలముగా ఉన్నదే. మష్రూ అను వస్త్రమును పుస్తకములలోనైనను మీరు చదివియుందురు. దానిలో పడుగు పట్టు, పేక నూలు. నేత తీరును బట్టి పైకి పట్టు కనబడుతుంది; ఒంటికి తగులు వైపు నూలు ఉంటుంది. పురుషులు శుద్ధమైన పట్టు ధరించరాదను నియమము ఇస్లాములో ఉన్నందున, నూలు కలిసిన ఈ వస్త్రము సమ్మతమైనదని దానికి ఆ పేరు వచ్చినది. ఔరంగాబాదు హిమ్రూ కూడ పట్టును నూలును కలిపి నేసినదే. ఆ పట్టణము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. నేడు మహారాష్ట్రలో ఛత్రపతి శంభాజీనగరమను పేరుతో ఉన్నది. రాజాస్థానములలోని కిన్‌ఖాబు అందరికి అందునది కాదు. ఆ శోభను నూలు కలిపి అంతకంటె చౌకగా తెచ్చినవారు నేతగాండ్రు.

ఇక మన గద్వాల చీరను చూడుడు. నడిమి భాగమంతయు నూలు. అంచును పైటకొంగును పట్టు. వేరువేరుగా నేసినట్లుండు ఈ రెంటిని మగ్గము మీదనే ఒకదానితో ఒకటి ముడివేసి కలుపుతారు. దానిలోని ఆలోచన ఎంత చక్కనిదో గమనించవలెను. చూపు పడు చోట పట్టు. పని పడు చోట నూలు. కుచ్చిళ్లు, నడుము, మోకాళ్లు నలుగు భాగము ఉతుకునకు తట్టుకొనునది. భుజము మీద, అంచు వెంబడి కన్ను నిలుచు భాగము మెరయునది. మష్రూకును గద్వాలకును మతము వేరు, ఊరు వేరు. లెక్క మాత్రము ఒకటే. మేము ఈ వ్యాసములో చెప్పదలచినది కూడ ఇంచుమించు ఇంతే; తక్కినదంతయు దీనిని వాడుకొను విధానము.

సల్వారు కమీజు ధరించు తల్లి ఈ సూత్రమును ఇట్లు పాటింపవచ్చును. కమీజులు రెండు మూడు సాదా నూలువి. సల్వారులు తెలుపు, నలుపు, గోధుమరంగు. కాస్త డబ్బు పెట్టి కొన్నవి దుపట్టాలు రెండు. ఒక పోచంపల్లి దుపట్టా నాలుగు సాదా కమీజులకు పండుగ కళ తెస్తుంది. చీర కట్టు తల్లికి ఆ పనిని రవిక చేస్తుంది. మంచి గుడ్డతో, కొలత తప్పకుండ కుట్టిన రవిక రెండుంటే సాదా చీర అయిదారేండ్లు సభలలో తిరుగగలదు. మూడు వందల చీర మీద బాగుగ కుదిరిన రవిక, మూడు వేల చీర మీద భుజము జారు రవిక పక్కపక్కన నిలుచున్నప్పుడు ఎవరివైపు చూపు పోవునో మీరే చూచియుందురు.

గుడ్డను కొనునప్పుడు తెలిసి కొనవలెను. ఇక్కడ కొంచెము నిలిచి చెప్పుట అవసరము, ఏలయనగా మన విద్యార్థినులలో చాలమంది నేతగాండ్ర ఇండ్ల నుండియో, దర్జీల ఇండ్ల నుండియో వచ్చియుండియు, దుకాణములో గుడ్డ పట్టి చూచు విద్యను మరచిపోవుచున్నారు.

నూలు సన్నదనమును నంబరుతో చెప్తారు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వచ్చునో అది దాని నంబరు. 80 నంబరు అనగా పౌనుకు 80 చిలపలు. లెక్కించితే 67,200 గజాల దారము. నంబరు పెరుగుకొలది దారము సన్నమగును, గుడ్డ పలుచనగును, ధర పెరుగును. ఇందుచేత నంబరు ఎక్కువైనదే అన్నిటికి మేలైనదని భ్రమపడరాదు. నూరు నంబరు వెంకటగిరి చీర గాలివలె తేలికైనది, చూచుటకు ముద్దైనది. చంకలో బిడ్డ, చేతిలో సంచి, ఎదుట కదులుతున్న బస్సు ఉన్న తల్లికి అది తగదు. ఆమెకు మంగళగిరి నూలు తగును. గుంటమగ్గము మీద నేయు ఆ చీరలలో నడుమ పూలు బుటాలు సాధారణముగా ఉండవు. అంచున జరీ మాత్రము ఉంటుంది. ఒకే ముతకదనము, ఒకే గట్టిదనము. ఉతికినకొలది మెత్తబడి ఒంటికి అలవాటగును. వాటిలో నిజాం అంచు అను పేరుగల అంచు ఒకటి ఉన్నదని చెప్పినప్పుడు మా హైదరాబాదు విద్యార్థినులు ఎల్లప్పుడును సంతోషించుచుందురు.

నారాయణపేట చీరలలోని గళ్లను గూర్చి మా స్వానుభవము ఒకటి చెప్పవలసియున్నది. మాకిద్దరు పిల్లలు. చిన్నది నాలుగేండ్లది. ఒకనాడు ఉదయము దానికి తినిపించి, దించి, పరుగున బస్సెక్కి, మొదటి గంటలో మనుచరిత్ర పాఠము చెప్పినాము. రెండవ గంటలో వ్యాకరణము. మధ్యాహ్నము విశ్రాంతి గదిలో సహాధ్యాపకురాలొకరు మా భుజము చూచి, మెల్లగ, "ఇదెవరి చేయి?" అన్నారు. లేత ఆకుపచ్చ సాదా చీర మీద అయిదు వేళ్లతో సహా పసుపు కలిసిన పప్పు ముద్ర పడియున్నది! ప్రవరుని సిద్ధలేపమును గురించి మేము గంభీరముగా వివరించుచున్నంతసేపు నలభై మంది విద్యార్థినులు మా భుజము మీది లేపమును చూచుచుండిరన్నమాట. ఒక్కరును చెప్పలేదు. ఆ మర్యాదకు వారికి కృతజ్ఞులము. నాటి నుండి పిల్లలు చిన్నవారుగా ఉన్నన్నాళ్లు పనిదినములలో గళ్ల చీరలే కట్టవలెనని, లేదా సన్నని పూల అచ్చు వస్త్రములే ధరింపవలెనని నిశ్చయించుకొన్నాము. మరకను గళ్లు దాచినంతగా మరేదియు దాచదు. ఇంకొకటి: ఇల్లు దాటు వరకు పైన ఒక పాత వదులు కమీజు వేసికొని, గుమ్మము దగ్గర దానిని తీసి వంకెకు తగిలించి పోవుట. చూచువారికి నవ్వు రావచ్చును. చీర బ్రతుకును.

పోచంపల్లి వస్త్రమును కొనునప్పుడు వెనుకవైపు త్రిప్పి చూడవలెను. నేయుటకు ముందే దారమునకు ముడులు కట్టి రంగులద్దుతారు గనుక చిత్రము రెండు వైపుల ఇంచుమించు ఒకే గాఢతతో కనబడును; అంచులు కొంచెము చెదరినట్లు, నీటిలోని నీడవలె ఉండును. గుడ్డ మీద అచ్చువేసిన నకలు అయితే వెనుకవైపు వెలవెలబోవును. నకలు కొనరాదని మా అభిప్రాయము కాదు. నకలును నకలు ధరకే కొనవలెను. చేనేత ధర ఇచ్చి నకలు తెచ్చుకొనుట రెండిండ్లకు నష్టము. మన ఇంటికి, నేతగాని ఇంటికి. కొన్ని వస్త్రముల నేతను చేతిమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినది. చేనేతను గుర్తించుటకు చేనేత గుర్తు అను ముద్ర 2006లో ఏర్పడినది. ఆ చీటీ ఉన్నదేమో అడిగి చూచుటకు సిగ్గుపడనక్కరలేదు.

నూలో కాదో సందేహమున్నచో అంచు నుండి రెండు పోగులు లాగి నిప్పు తగిలించవలెను. నూలు కాగితమువలె మండి మెత్తని బూడిదగును. పట్టు వెంట్రుక కాలిన వాసన వేయును. పాలియెస్టరు కరిగి ముడుచుకొని గట్టి పూసవలె మిగులును. రంగు నిలుచునో లేదో తెలియుటకు తడిపిన తెల్ల రుమాలుతో ఒక మూల రుద్దిన చాలును. కొత్త చీరను ఉప్పునీట నానబెట్టిన రంగు నిలుచునని మన ఇండ్లలో నమ్మకము. నేటి రంగులకు అది పెద్దగా పనిచేయదు. మొదటి రెండు మూడు ఉతుకులు చల్లని నీట, విడిగా, నానబెట్టకుండ ఉతికి నీడన ఆరవేయుటయే మంచిది.

పాలియెస్టరును మేము నిందింపబోము. మా బాల్యములో మా ఇంటి పెద్దలు టెరికాట్ చొక్కాను సభామర్యాదకు గుర్తుగా చూచెడివారు. ఇస్త్రీ అక్కరలేదు, గంటలో ఆరును, పదేండ్లు చినుగదు. పాలు త్రాగు బిడ్డగల తల్లి వర్షాకాలములో ఆ వరములను కాదనలేదు. అయితే ఏప్రిలు, మే నెలలలో ఆరుబయట నిలుచున్నప్పుడు అది చెమటను పీల్చుకొనదు, ఒంటికి అంటుకొనును, ముఖములో విసుగు కనబడును. విసుగు ముఖము మీద ఏ బట్టయు శోభించదు.

ధర సంగతి. దుకాణములో చీటీ మీద ఉన్నది చీర ధర. అది కట్టిన ధర కాదు. ఒక ఊహాలెక్క వేద్దాము. పదిహేను వందల రూపాయల నూలు చీరను ఏడాదికి ఇరువది మార్లు చొప్పున నాలుగేండ్లు కట్టినచో ఎనభై మార్లు. ఒక్కసారి కట్టుటకు పందొమ్మిది రూపాయల లోపు. ఆరువేల పట్టుచీరను ఏడాదికి రెండు మార్లు చొప్పున పదేండ్లు కట్టినచో ఇరువది మార్లు. ఒక్కసారికి మూడు వందలు, ఉతుకు ఖర్చు వేరు. తగ్గింపు అమ్మకములో అయిదు వందలకు తెచ్చిన మెరుపుల కమీజును అయిదు మార్లు వేసి మూలపెట్టినచో ఒక్కసారికి నూరు రూపాయలు. ఊరిని బట్టి ధరలు మారును. లెక్క వేయు తీరు మారదు. అందరిలో చౌకగా కొన్నామని మనము మురియునదే తరచు మన పెట్టెలో మిక్కిలి ఖరీదైనదిగా తేలుచుండును. ఈ లెక్కను మేము మొదట మా పెట్టెకే వర్తింపజేసి చూచినాము. ఫలితమును ఇక్కడ వ్రాయుటకు సాహసింపము.

కుట్టు విషయమున తల్లులు ప్రత్యేకముగా గమనింపవలసినవి కొన్ని కలవు. కాన్పునకు ముందు, తరువాత, బిడ్డ పాలు మానిన పిమ్మట ఒళ్లు మూడు తీరుల మారును. పాత కొలత రవికను ఇచ్చి "ఇట్లే కుట్టు" అనుట అలవాటు. దర్జీ అట్లే కుట్టును; అది పట్టదు; ఆ తప్పు మన ఒంటిదని మనము బాధపడుదుము. తప్పు ఒంటిది కాదు. కొలత మరల ఇవ్వవలెను. ఇరుపక్కల లోపల అంగుళము చొప్పున గుడ్డ మడచి వదలుమని చెప్పవలెను. కుట్టు విప్పి వదులు చేసికొనవచ్చును, తరువాత బిగించుకొనవచ్చును. పాలిచ్చు తల్లికి ముందువైపు తెరపుండవలెనన్న మాట చెప్పుటకు మగ దర్జీ ఎదుట సంకోచించి, వెనుక గుండీల రవికలతో ఏడాదంతయు అవస్థపడినవారిని ఎరుగుదుము.

కమీజునకు 44 అంగుళముల పన్నా గల గుడ్డ రెండున్నర మీటర్లు చాలును. కొలత తెలియకున్న దుకాణదారుడు మూడు మీటర్లు చించును. మిగిలిన ముక్క దర్జీ దగ్గర ఉండిపోవును. నూలు గుడ్డను కుట్టించుటకు ముందు ఒక రాత్రి నీట నానబెట్టి ఆరవేయవలెను. లోపలి అస్తరును గూడ తప్పక తడుపవలెను. పైగుడ్డ తడిపి అస్తరు తడుపకున్నచో మొదటి ఉతుకున అస్తరు ముడుచుకొని పైగుడ్డను లోపలికి లాగును. అంచు అంతయు అలలు అలలుగా అగును. ఈ సంగతి ఎట్లు తెలిసినదో వ్యాసము చివర మనవి చేసెదము.

మాటవచ్చినది గనుక ఒక్క క్షణము మా శాఖ విషయము. దర్జీ పారశీకపు మాట, అస్తరు పారశీకమే, జేబు అరబ్బీ. కాజాయును ఇస్త్రీయును పోర్చుగీసువారితో ఓడలలో వచ్చినవి. రవిక, కుట్టు, అంచు, కొంగు మన ఇంటివి. ఒక్క కమీజు కుట్టించుకొని వచ్చుసరికి ఎన్ని దేశముల మాటలు పలుకుచున్నామో చూచితిరా! పరీక్షలో అన్యదేశ్యములకు ఉదాహరణలు అడిగినప్పుడు తడుముకొను విద్యార్థినులు తమ బట్టల వంకె వైపు చూడవలెను.

తల్లికి కొరతయైనది డబ్బు కంటె సమయము. పనిదినము ఉదయము అయిదు నుండి ఏడున్నర వరకు పొయ్యి, నీళ్లు, పిల్లల చదువు, కారియర్లు, ఆ మధ్య "ఏది కట్టవలె?" అని ఆలోచించుటకు రెండు నిమిషములు కూడ లేవు. కావున ఆ ఆలోచన ఆదివారము సాయంకాలమే ముగియవలెను. మేము చేయునదేమనగా, వారమునకు సరిపడు జతలను, చీర లేదా కమీజు, దాని రవిక లేదా దుపట్టా, లోపావడాతో సహా, ఒక్కొక్క వంకెకు కలిపి తగిలించి పిన్నులను గూడ కొంగునకే గ్రుచ్చి ఉంచుట. ఉదయము చీకటిలోనైనను చేయి చాచి తీసికొనవచ్చును. ఇస్త్రీకి బయట ఇచ్చు ఖర్చు కలిసిరాదనుకొన్నవారు చీరను తడి ఆరక ముందే నీడన సాగదీసి మడచి పరుపు క్రింద పెట్టినను ముప్పాతిక వంతు పని అగును.

గంజి పెట్టు పద్ధతి తెలియని విద్యార్థినులు నేడు ఎక్కువ. అన్నము వార్చు ఇండ్లు తగ్గినవి. కుక్కరు వచ్చి గంజిని మింగినది. వార్చిన గంజిని పలుచని గుడ్డలో వడగట్టి, మీగడ కట్టకుండ మూడింతల నీరు కలిపి, ఉతికిన చీరను అందులో ముంచి తేలికగా పిండి నీడన ఆరవేయవలెను. పూర్తిగా ఎండిన పిమ్మట నీరు చిలకరించి చుట్టి అరగంట ఉంచి ఇస్త్రీ చేసిన ఆ చీర నిలుచు తీరు వేరు. చిక్కని గంజి పెట్టిన మడతల దగ్గర గుడ్డ విరుగును. నెలల తరబడి గంజితో పెట్టెలో ఉంచిన పురుగు చేరును. దాచు చీరలను గంజి లేకుండ దాచవలెను. పట్టును, జరీని తెల్లని పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చవలెను. కర్పూరపు గుళ్లు జరీకి తగులరాదు. మా నానీమా పెట్టెలో గుళ్లుండెడివి కావు. ఎండిన వేపాకు పొట్లము ఉండెడిది. ఆమె ఖడా దుపట్టా, ఆరు గజముల పొడవుది, ముందు మా తల్లిగారి పెండ్లిలోను తరువాత మా చెల్లెలి పెండ్లిలోను దానినే వేసినారు. అంచు చినిగిన భాగమును తీసి నేడు మా కూతురి గౌనుకు చేతులుగా కుట్టించినాము.

ఇక చెప్పవలసినది కొంత కష్టమైన సంగతి. పండుగ ముందు ఇంటికి వచ్చు డబ్బు ఏ వరుసలో ఖర్చగునో మన ఇండ్లలో ఒక్కసారి వ్రాసి చూడుడు. మొదట పిల్లలకు, పిదప ఇంటి యజమానికి, అత్తమామలకు, ఆడబిడ్డ పిల్లలకు. తల్లి వంతు వచ్చుసరికి "వచ్చే పండుగకు చూద్దాము" అనుమాట. ఆ మాట అనునది తరచు ఆ తల్లియే. దీనిని త్యాగమని పొగడుచు మనము పద్యములు చదువుచుంటిమి. ఆ పొగడ్త వెనుక లెక్కలో ఒక పొరపాటు దాగియున్నది. ఆరుగురి ఇంటిలో అయిదుగురికే బట్టలు పంచి లెక్క సరిపోయినదనుట ఏ గణితము? ఆ తల్లి పెండ్లికి పోదు, బడికి పోదు, కూతురు బహుమతి పుచ్చుకొను సభకు రాదు. కారణము జ్వరమని కూతురి చేత చెప్పించును. పిల్లలకు తలా ఒక జత తగ్గించి తల్లికొక జత కొనవలసినదని కొడుకులే, కూతుళ్లే పట్టుపట్టవలెను. ఆమె తానై ఎన్నడును అడుగదు.

విద్యార్థినీ విద్యార్థులు మరి రెండు పనులు చేయవచ్చును. కాజా కుట్టుట, ఊడిన గుండీ కుట్టుట, చీరకు ఫాల్ కుట్టుట, దిగిన అంచును మడచి కుట్టుట మగపిల్లలు గూడ నేర్వదగిన విద్యలు. తల్లి చీరకు ఫాల్ కుట్టుటకు బయట ఇచ్చు డబ్బును ఆమె చేతికే ఇవ్వవచ్చును. రెండవది, మిత్రుల తల్లులను చూచునప్పుడు వారి బట్టలను చూడకుండుట. మా గదిలో ఈ మాట చెప్పినప్పుడు వెనుక బల్లలో ఒకరు ముఖము దించుకొన్నారు. ఎవరో మేము చూడలేదు.

కళాశాల సంఘము పెద్దలకు ఒక విన్నపము. మన కళాశాలలో రెండు కుట్టు మిషనులున్నవి. శిక్షణ తరగతుల నెలలు పోగా తక్కిన ఏడాదంతయు అవి ముసుగు వేసికొని కూర్చుందును. శనివారము మధ్యాహ్నములలో ఆ గది తెరచియుంచి, ముందు గేటున గాక పక్క ద్వారమున తల్లులను రానిచ్చినచో, ఎవరి గుడ్డ వారు తెచ్చుకొని కుట్టుకొని పోగలరు. కుట్టు తెలిసినవారు తెలియనివారికి చూపుదురు. దీనికి కావలసినది దారపు ఉండలు, ఒక తాళపుచెవి, ఆ తాళము తీయు మనిషి. ఆహ్వానపత్రములో ఏమి వ్రాయవలెనను విషయమున మేము సంఘమునకు సలహా చెప్పు అర్హతను రెండేండ్ల క్రిందటనే పోగొట్టుకొన్నాము గనుక ఆ ఊసెత్తము.

ఆ తల్లి సంగతి చెప్పవలసియున్నది. కడచిన ఏడాది వార్షికోత్సవమునకు ముందు మేము ఆ విద్యార్థినితో బట్టల మాట ఎత్తలేదు. "మీ అమ్మీగారి దగ్గర మాకొక పని ఉన్నది, రమ్మని చెప్పు" అని మాత్రము అన్నాము. ఆమె వచ్చినారు. ముదురు నీలపు మంగళగిరి చీర, కొత్తది కాదు. ఎవరో ఒకరు ఇచ్చినది కావచ్చును, లేదా పాత పెట్టెలోనిదే కావచ్చును. అడుగుట మా పని కాదు. దాని మీద రవిక మాత్రము మూడు రంగుల కత్తిరింపు ముక్కలను అతికి కుట్టినది. అతుకులు ఎక్కడ ఉన్నవో వెదుకవలసి వచ్చినది. తల్లుల వరుసలో ఆ సాయంకాలము అంతకంటె పొందికగా ఉన్నవారిని మేము చూడలేదు. ప్రక్కనున్న ఒక మెరుపుల చీర ఆమె ఆ రవికను ఎక్కడ కుట్టించినారో కనుగొనుటకు రెండు మార్లు వంగినారు.

మాకు ఉన్న పని ఏమని ఆమె అడిగినారు. నిజమునకు పని ఏదియు లేదు, తడబడినాము. ఆమె అప్పటికే మా కమీజు అంచును చూచుచున్నారు. వంగి దానిని రెండు వ్రేళ్లతో పట్టి, లోపలికి త్రిప్పి చూచి, "అస్తరు తడపకుండా కుట్టిండ్రు మేడమ్. అందుకే ఇట్ల ముడుచుకుంది. దీన్ని విప్పి మళ్లీ వెయ్యాలె" అన్నారు. మేము పన్నెండు వందలు ఇచ్చి పేరున్న దర్జీ చేత కుట్టించిన కమీజు అది.

మరునాడు కూతురి చేత పంపినాము. నాలుగు రోజులకు తిరిగి వచ్చినది. అంచు పలకవలె చదునుగా ఉన్నది. నలభై రూపాయలని చీటీ పెట్టినారు. ఇచ్చి పంపినాము.